దాపటి ఎద్దుకు నా దిష్టి

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట ఇంకెవరో చెప్పనక్కర్లేదు, నేనే చెబుతాను. బస్సులో పక్కసీటు మనిషి నవ్వుతూ పలకరిస్తే బ్యాగు ఒళ్ళోకి లాక్కుంటాను. పండ్లబండి దగ్గర నా చూపు పండ్ల మీద కంటే కాటా మీదే ఉంటుంది. మావారు బతికున్నప్పుడు "నువ్వు పోలీసు డిపార్టుమెంటులో చేరాల్సిన దానివి" అనేవారు. ఆయన పోయాక ఆ గుణం ఇంకాస్త ముదిరింది. అయితే ఎంత అనుమానమున్నా తిరునాళ్ళ అనే మాట వినబడితే మాత్రం ఇంట్లో కూర్చోలేను. సెలవు పెట్టి, చేతిసంచీలో రెండు చీరలు కుక్కుకుని బయలుదేరాల్సిందే.

మా కోస్తా వైపు తిరునాళ్ళన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఆఫీసులో నా పక్కసీటు అమ్మాయిది గిద్దలూరు ప్రాంతం. "మా పెద్దమ్మవాళ్ళది రాచర్ల అవతల పల్లె మేడమ్. గుట్ట మీద ఆంజనేయస్వామి తిరునాళ్ళకు ఎద్దులతో బండ లాగిస్తారు. వెళ్ళి రండి, ఇల్లు ఉంది, భోజనం ఉంది, మా పెద్దమ్మ చాలా మంచిది" అంది. ఎవరూ అడక్కుండానే మంచిది అన్నారంటే నాకు అక్కడే ఒక ముల్లు గుచ్చుకుంటుంది. అయినా వెళ్ళాను.

గిద్దలూరులో రైలు దిగి షేర్ ఆటో ఎక్కాను. ఎదురుగా తలపాగా పెద్దాయన ఒకడు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఎవురి తాలూకమ్మా?"

"ఎవరి తాలూకూ కాదు. తిరునాళ్ళ చూడ్డానికి వచ్చాను."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

"ఊరికే సూసేకి అంత దూరం నుంచి వచ్చినావా? ఏ జత తరపున వచ్చినావు, చెప్పు."

జత అంటే ఎద్దుల జత. బండ లాగుడు రోజుల్లో ఊళ్ళోకి కొత్త ముఖం వస్తే, పోటీ జతవాళ్ళు పంపిన వేగు అనుకుంటారట. ఏ ఎద్దు కుంటుతోంది, ఎవరు ఏ దాణా పెడుతున్నారు అని కూపీ లాగడానికి మనుషులు తిరుగుతుంటారట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండింది. అనుమానించడం నా పని గానీ, నన్ను అనుమానించడమేమిటి! దిగేదాకా సంచీ ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను.

పెద్దమ్మ ఇల్లు రోడ్డుకు ఆనుకునే ఉంది. ముందు రేకుల పంచ, పక్కన ఎద్దుల కొట్టం. ఆవిడ పొడుగ్గా, సన్నగా, ఎండకు నల్లబడిన మనిషి. మాట తక్కువ. వెలిసిపోయిన ఆకుపచ్చ చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి పేడ ఎత్తుతూ, నన్ను చూసి "వచ్చినావా, కాళ్ళు కడుక్కోమ్మా" అంది. వయసులో నాకంటే పెద్దది కాబట్టి నేను అక్కా అన్నాను.

జొన్నరొట్టె, చింతచిగురు పప్పు పెట్టింది. తింటుంటే ఆవిడ కొడుకు వచ్చాడు. మినీ లారీ తోలతాడు. ముఖంలో నవ్వు లేదు. వచ్చీ రాగానే తల్లితో గొడవకు దిగాడు, అదీ నా ముందే.

"దాణా మూటలు ఇంకా తెమ్మంటావా? బోరు ఎండిపోయినాది. మనుషులకే ట్యాంకరు నీళ్ళు పట్టుకుంటన్నాం. చెప్పినా గదా, ఈ తిరునాళ్ళలో లాగినాయా, ఉంటాయి. లాగలేదా, మల్ల వారం సంతకు తోల్తా. ఇంక నన్ను అడగొద్దు."

పెద్దమ్మ నా కంచంలో ఇంకో రొట్టె వేసింది. అతను బయటికి వెళ్ళాక, ఎవరితోనూ కాదన్నట్టు గోడ వైపు చూస్తూ చెప్పింది. ఆ రెండు ఎద్దులూ ఈ ఇంట్లోనే పుట్టాయట. ఒకే ఏడు రెండు ఆవులు ఈనాయి. ఒకటి దూడను నాకలేదు, దగ్గరికి రానివ్వలేదు. ఆ దూడకు ఆవిడే గుడ్డ ముంచి పాలు తాగించింది. అదే ఇప్పుడు కాడికి ఎడమ పక్కన కట్టే దాపటి ఎద్దు. రెండోది కుడి పక్కన కట్టే వలపటిది. నాలుగు పళ్ళ వయసు జతలు రేపు మధ్యాహ్నం లాగుతాయి. మొదటి మూడింట్లో నిలబడితే చాలు, కొడుకు మాట తప్పడు.

"నిలబడకపోతే?"

"సంతకు పోతాయి. ఆడ కొనేటోడు ఏం జేస్తాడో నీకు చెప్పాల్నా?" అని కంచం తీసుకుని లేచిపోయింది.

పొద్దు వాలుతుండగా నన్ను కొట్టంలోకి తీసుకెళ్ళింది. అక్కడ ఎదురింటామె మేతకు జొన్నచొప్ప నరుకుతోంది. వీళ్ళ పొలంలో పనికి వచ్చే మనిషి, చర్చికి పోయే మనిషి. మెడలో తాడు, నుదుట బొట్టు లేవు, శుభ్రమైన తెల్లచీర. నేను ఆమె వైపు తలూపి, ఎద్దుల వైపు తిరిగి, అక్కడే నిలబడిపోయాను.

నిజం చెబుతున్నాను, అలాంటి ఎద్దును నేను ఎప్పుడూ చూడలేదు. తెల్లటి ఒళ్ళు, పక్కకు కొద్దిగా ఒరిగిన మూపురం, మోకాళ్ళ దాకా జారిన గంగడోలు, కాటుక దిద్దినట్టున్న కళ్ళు. దాపటిది తల ఎత్తి నన్ను చూసింది. అనుమానం, గినుమానం అన్నీ మరిచిపోయాను. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"అబ్బబ్బబ్బ! ఏం ఎద్దక్కా ఇది! ఏం నిగనిగ, ఏం ఠీవి! నా జన్మలో ఇంత అందమైన జీవాన్ని చూడలేదు! ఈ జతకు ఎదురేముంది, రేపు మొదటి బహుమతి దీనిదే!"

చొప్ప నరుకుతున్న కత్తి ఆగింది. ఎదురింటామె "ప్రభువా" అని మెల్లగా అనుకుంది. పెద్దమ్మ బకెట్టు కింద పెట్టి, ఎద్దుకూ నాకూ మధ్యకు వచ్చి నిలబడింది.

"ఏదో ఉన్నాయిలేమ్మా. పర్లేదు. మొన్నటిదాకా గజ్జి పట్టి బక్కచిక్కిపోయినాయి. ఇంకా తగ్గలేదు."

గజ్జా! ఆ ఒంటి మీద ఈగ వాలినా జారిపడుతుంది. ఈవిడ నా ముఖం మీదే అబద్ధం ఎందుకు చెబుతోంది? నన్నూ ఏదో జత తరపున వచ్చిన వేగు అనుకుంటోందా? మనసులో ముల్లు మళ్ళీ కదిలింది. అప్పటి నుంచి ఆవిడ చూపు కూడా నా ముఖం మీద లేదు. నా చీర కొంగు మీద ఉంది.

చీకటి పడకముందే తిరునాళ్ళ చూసి వద్దామని గుట్ట దాకా నడిచాను. కింద మైదానంలో ప్రభ కట్టారు. వెదుళ్ళ చట్రానికి రంగు బల్బులు, దేవుడి బొమ్మ, కింద ట్రాక్టరు ట్రక్కు, ట్రక్కులో జనరేటరు. గాజుల దుకాణాలు, జీళ్ళు, కారప్పూస, పిల్లలు అరిచే జెయింట్ వీలు. గుళ్ళో గంట, మైకులో పాట, పక్క మైకులో ఇంకో పాట. ఇదంతా నాకు ఇష్టమే. కానీ ఆరోజు ఎక్కడా కాలు నిలవలేదు. ఎక్కడ ఆగినా, మాట్లాడుతున్నవాళ్ళు మాట ఆపి నన్ను చూస్తున్నారు. గాజులమ్మే ఆవిడ "నువ్వేనా ఫలానావాళ్ళ ఇంట్లో దిగిందీ?" అని అడిగి, అవునన్నాక పక్కామెను మోచేత్తో పొడిచింది. అప్పటికే ఊరంతా పాకిందన్నమాట! ఏం పాకిందో మాత్రం తెలియలేదు.

తిరిగి వచ్చేసరికి కొట్టం దగ్గర పెద్దమ్మ లేదు. ఆవిడ కొడుకు ఒక్కడే ఉన్నాడు. అటూ ఇటూ చూశాడు. చొక్కా లోపలి నుంచి చిన్న ప్లాస్టిక్ సీసా తీసి, దాపటి ఎద్దు తాగే బకెట్టులో ఏదో పోసి, చేత్తో కలిపి, సీసాను మళ్ళీ చొక్కాలోకి దోపుకున్నాడు. నేను గోడ వెనక్కి తప్పుకున్నాను.

లాగకపోతే సంతకు తోలతానన్నది ఇతనే. లాగకుండా చేస్తున్నదీ ఇతనేనా? చెబితే తల్లీకొడుకుల మధ్య చిచ్చు పెట్టిన పరాయిదాన్నవుతాను. పైగా నా మాట ఎవరు నమ్ముతారు? ఆ రాత్రి సంచీ తల కింద పెట్టుకుని పడుకున్నాను. అన్నం కూడా సరిగ్గా ముట్టలేదు.

తెల్లారేసరికి దాపటి ఎద్దు మేత మానేసింది.

ఉడకబెట్టిన ఉలవలు తొట్టిలో అలాగే ఉన్నాయి. బకెట్టులో పొద్దున పోసిన నీళ్ళూ అలాగే ఉన్నాయి. తల వేలాడేసి నిలబడింది. ఇంటి ముందు కరెంటు స్తంభానికి కట్టిన మైకు నిన్నటి నుంచి ఆగకుండా మోగుతూనే ఉంది. కొడుకు పశువుల డాక్టరుకు ఫోను చేశాడు. జ్వరం లేదు, పొట్ట ఉబ్బలేదు, ఈ హడావిడికి బెదిరి ఉంటుంది, సాయంత్రానికి చూద్దాం అన్నాడట. సాయంత్రానికి చూస్తే ఏం లాభం? మధ్యాహ్నమే కదా బండ కట్టేది. కొడుకు ముఖం నల్లగా మాడిపోయింది. ఎంత బాగా నటిస్తున్నాడో అనుకున్నాను.

స్నానం చేసి వచ్చేసరికి, పెరట్లో తీగ మీద ఆరేసిన నా నిన్నటి చీర దగ్గర పెద్దమ్మ నిలబడి ఉంది. కొంగు ఆవిడ చేతిలో ఉంది. నన్ను చూడగానే వదిలేసి, "ఎండ బాగా కాస్తంది" అని సంబంధం లేని మాట ఒకటి అనేసి వెళ్ళిపోయింది. నేను కొంగు పట్టుకుని చూశాను. కుచ్చు దగ్గర ఒక దారం లాగేసి ఉంది. చిన్న దారమే. కానీ ఎందుకు? ఇంత మంచి చీర, అంచు దగ్గర పోగు తెగితే ఎంత దూరం పోతుందో ఆడవాళ్ళకు చెప్పాలా?

ఇక ఈ ఇంట్లో ఉండకూడదు, మధ్యాహ్నం బండ లాగుడు చూసి అట్నుంచి అటే ఆటో ఎక్కేద్దామని వీధిలోకి నడిచాను. వెనక చప్పుడైంది. తిరిగి చూస్తే పెద్దమ్మ వంగి ఉంది. నేను అడుగు వేసి వచ్చిన చోట మన్ను చిటికెడు ఎత్తి కొంగులో వేసుకుంటోంది.

"ఏంటక్కా?"

"ఏం లేదమ్మా. ఏదో పడిపోయినాది, ఎతుకుతన్నా."

సరే అని ఇంకొంచెం ముందుకు నడిచాను. మళ్ళీ వంగింది. నాకు పట్టుదల వచ్చింది. చూద్దాం అని కుళాయి పక్కకు తిరిగి, బురదలో కావాలనే కాలు వేశాను. చెప్పు ఊడొచ్చింది. పెద్దమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత ఆ బురద కూడా ఎత్తుకుంది.

"ఏంటిది! నా కాళ్ళ కింద మన్ను మీకెందుకు? చీర దారం తీశావు, ఇప్పుడు మన్ను తీస్తున్నావు! చేతబడులు చేస్తారా మీ ఊళ్ళో?" వీధి మొత్తం వినబడేలా అరిచాను.

"అరవొద్దమ్మా, నీకు దణ్ణం పెడతా. పక్క జతోళ్ళు ఇంటే నవ్వుతారు. ఇంటెనక్కి రా, చెప్తా."

ఇంటి వెనక చిన్న కుంపటిలో నిప్పులు రాజుకుని ఉన్నాయి. పక్కన చాటలో ఎండుమిరపకాయలు, రాళ్ళ ఉప్పు. ఎదురింటామె అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది. పెద్దమ్మ తల వంచుకుని చెప్పింది.

"దిష్టమ్మా. దాపటిదానికి నీ దిష్టి తగిలినాది. నీ కాళ్ళ మన్ను, నీ కొంగు దారం కలిపి దిగదుడిచి నిప్పుల్లో ఏస్తే పోతది. అడిగితే బాధపడతావని అడగలేదు."

నా ఒళ్ళంతా భగ్గుమంది. ఆవిడకేం తెలుసు నా సంగతి! మావారు పోయిన దగ్గర్నుంచి పెళ్ళిళ్ళలో నన్ను వెనక వరసకు పంపుతున్నారు. మా మేనకోడలి సీమంతంలో గాజులు తొడగబోతే మా ఆడపడుచు నవ్వుతూనే నా చెయ్యి పట్టుకుని ఆపింది. బయలుదేరేటప్పుడు ఎదురొస్తే మా పక్కింటాయన లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి మళ్ళీ వస్తాడు. అవన్నీ దిగమింగి ఊళ్ళు తిరుగుతుంటే, ఇంత దూరం వచ్చాక ఎద్దు దగ్గర కూడానా! ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఆ ఊపులో నోరు జారాను.

"నా దిష్టి కాదు! మొగుడు లేనిదాని కళ్ళే కనబడ్డాయా మీకు? నిన్న సాయంత్రం నీ కొడుకు ఆ బకెట్టులో ఏం పోశాడో ముందు అది అడుగు! దొంగచాటుగా సీసా తెచ్చి పోశాడు, నా రెండు కళ్ళతో చూశాను!"

కొడుకు అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, నేను చూసుకోలేదు. పెద్దమ్మ కొడుకు వైపు చూసింది. అతను చొక్కాలో చెయ్యి పెట్టి ఆ సీసా తీశాడు. మూత తీసి, నా కళ్ళల్లోకి చూస్తూ, మిగిలింది గటగటా తాగేశాడు.

"స్వామి తీర్థం చిన్నమ్మా. నిన్న పొద్దున గుట్ట ఎక్కి తెచ్చినా."

"నువ్వా? గుడికా?" అంది పెద్దమ్మ.

"ఆ, నేనే. నీకు తెలిస్తే నవ్వుతావని చెప్పలేదు. సంతకు తోల్తా తోల్తా అని నోటితో అన్నా. సొప్ప యాడ తేవాల్నో దిక్కు తెలీక అన్నా. అవి లాగాలని నాకు మాత్రం లేదా?" గోడ వైపు తిరిగిపోయాడు.

నాకు ఆ కుంపటిలోనే దూకాలనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని కింద కూర్చోబెట్టింది. "నువ్వేందమ్మా, ఏందేందో అనుకుంటన్నావు. మొగుడు లేకపోతే ఏంది? నాకు మాత్రం ఉన్నాడా? మా ఆయన పోయి ఎన్నేండ్లో. నువ్వు దాన్ని సూసి నోరారా మెచ్చుకున్నావు. కడుపులో ఏమీ పెట్టుకోకుండా మెచ్చుకున్నావు. అట్ల మెచ్చుకుంటేనే తగిలేది. పైపైన అనేటోళ్ళది ఏం తగులుద్ది?"

ఇలా అంటూ కొంగుముడి విప్పింది. అందులో నా కాళ్ళ మన్ను, బురదతో సహా. దాని పక్కన గుడ్డపేలికలో కొన్ని దారాలు. ఒకటి నా చీరది, గుర్తుపట్టాను. ఒకటి తెల్లది.

"నాదే" అంది ఎదురింటామె. "ఇయ్యి మేం నమ్మం మేడమ్. పాస్టరు గారికి తెలిస్తే ఊరుకోడు. పొద్దున మోకరించి ప్రార్థన చేసినా. ఉన్న మాట చెప్పొద్దూ, రోజూ సొప్ప ఏసేటప్పుడు నేనూ దాన్ని సూసి మురుస్తా. అందుకే అక్క అడిగితే దారం గూడా ఇచ్చినా."

ఇంకొకటి కొడుకు చొక్కాది. అన్నిటికీ అడుగున వెలిసిన ఆకుపచ్చ దారం ఒకటి ఉంది. నేను దాన్ని చూశాను, పెద్దమ్మ కట్టుకున్న చీరను చూశాను.

"ఇది నీదే కదక్కా?"

"నాదే. అందరికన్నా ముందు నాదే తీసినా. పుట్టినకాడి నుంచి పొద్దస్తమానం దాన్ని సూసుకుంటా కూర్చుండేది ఎవురు? నిద్ర లేస్తే దాన్నే సూస్తా. నీది ఒక్క పూట దిష్టి. నాది నాలుగేండ్ల దిష్టి."

నేను ఇక ఆగలేదు. నిన్నటి చీర దారం సరిపోతుందో లేదోనని, ఒంటి మీద చీర కొంగు నుంచి కూడా ఒక పోగు పళ్ళతో కొరికి ఇచ్చాను. చీర పోతే పోయింది.

కొట్టంలో ఎద్దు చుట్టూ తిప్పి దిగదుడిచి, అన్నీ తెచ్చి నిప్పుల్లో వేసింది. మిరపకాయలు చిటపటలాడాయి, నల్లబడ్డాయి. ఘాటు రాలేదు. ఒక్కరికీ దగ్గు రాలేదు. "సూసినావా, ఎంత దిష్టి ఉందో!" అంది పెద్దమ్మ. మామూలుగా అయితే ఇంటిల్లిపాదీ తుమ్మి చావాల్సిందే, దిష్టి ఉంటేనే ఘాటు రాదట. నా అనుమానం మాత్రం నన్ను వదల్లేదు. మిరపకాయలు పాతవేమో, గాలి అటు పక్కకు ఉందేమో అనుకున్నాను. సరిగ్గా అప్పుడే కరెంటు కూడా పోయింది. స్తంభానికున్న మైకు గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. కాసేపటికి కొట్టంలోంచి కొడుకు కేక వినబడింది.

"అమ్మా! నోరు పెట్టినాది!"

మైకు ఆగినందుకో, దారం కాలినందుకో, తీర్థానికో, ఎదురింటామె ప్రార్థనకో నాకు ఈరోజుకీ తెలియదు. ఎద్దును అడిగితే అది చెప్పదు. అందరం పరిగెత్తాం. కొట్టం గుమ్మం దాకా వెళ్ళి నేను గబుక్కున ఆగి కళ్ళు దించుకున్నాను. మళ్ళీ చూడాలంటే భయం వేసింది. నవ్వుకుంటే నవ్వుకోండి.

మధ్యాహ్నం గుట్ట కింద మైదానం జనంతో నిండిపోయింది. దున్నిన నేల మీద పొడుగ్గా బాట, దానికి రెండు వైపులా తాళ్ళు. జత తర్వాత జత వచ్చి, కాడికి కట్టిన పెద్ద బండరాయిని ఆ చివరికీ ఈ చివరికీ లాగుతోంది. ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగితే అంత. మైకులో ఒకాయన గుక్క తిప్పుకోకుండా అరుస్తున్నాడు. నిన్న ఆటోలో నన్ను నిలదీసిన తలపాగా పెద్దాయన తాడు పక్కనే ఉన్నాడు, నన్ను చూసి "ఈమె వాళ్ళ జతదే" అని పక్కవాళ్ళకు చెప్పాడు. కాదని అనబుద్ధి కాలేదు.

పెద్దమ్మ మాత్రం బాట వైపు రాలేదు. ఒక ట్రాక్టరు పెద్ద చక్రానికి వీపు ఆనించి, అటు తిరిగి కూర్చుంది. కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"ఏంటక్కా, చూడవా?"

"నేను సూడను. నువ్వు సూసి చెప్పు."

"నేనా! పొద్దున అంత జరిగాక మళ్ళీ నన్నే చూడమంటావా?"

"నీది కాలిపోయినాది గదా. నాది ఎంత కాల్చినా పోయేది కాదు."

నేను ఆవిడ పక్కనే నిలబడ్డాను. ఆవిడ నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. మా జత పేరు మైకులో పిలిచారు. మా జత అంటున్నాను, చూడండి! కొడుకు చర్నాకోల పట్టుకుని పక్కనే పరుగెత్తాడు. కేకలు, ఈలలు. బండ కదిలింది.

"కదిలిందక్కా."

"ఆఁ."

మొదటి చివర దాకా బాగానే వెళ్ళాయి. మలుపు తిప్పేటప్పుడు దాపటి ఎద్దు ముందుకాలు జారింది. మోకాళ్ళ మీద పడింది. జనం ఒక్కసారి హా అన్నారు. నా చీర కుచ్చిళ్ళు బిగుసుకున్నాయి.

"ఏమైంది? ఏమైందే?"

నేను చూశాననే పడిందా? చదువుకున్నదాన్ని, ఆఫీసులో పనిచేసేదాన్ని, ఆ క్షణంలో గట్టిగా కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అది లేచి నిలబడి ఉంది. మోకాళ్ళకు మన్ను. ఒక్కసారి తల విదిలించి, కాడిని భుజం మీద సర్దుకుని లాగింది. ఏం లాగుడది! వలపటిదాన్ని కూడా తనతో ఈడ్చుకుపోయింది. వెనక మన్ను పొగలా లేచింది. అది దగ్గరికి వస్తుంటే నేల అదిరినట్టు నాకు అరికాళ్ళకు తెలిసింది. పొగడ్త గొంతు దాకా వచ్చింది. నాలుక కరుచుకున్నాను. నిజంగానే కరుచుకున్నాను, ఉప్పగా తగిలింది.

"చెప్పవే, ఎట్లున్నాయి?"

"నడుస్తున్నాయిలే" అన్నాను.

అన్ని జతలూ అయ్యేసరికి ఎండ తగ్గింది. మైకులో మొదటి పేరు మాది కాదు. రెండోదీ కాదు. మూడోదిగా మా జత పేరు చదివారు. పెద్దమ్మ ఆ మాట విన్నది గానీ చక్రం దగ్గర్నుంచి లేవలేదు. కొడుకు రెండు ఎద్దులనూ పట్టుకుని ట్రాక్టరు దగ్గరికి వచ్చాడు. చెమటతో, దుమ్ముతో ఉన్నాడు. ముఖం మీద నవ్వు దాచుకోవడానికి నానా తంటాలు పడుతున్నాడు.

"సంతకేనా?" అంది పెద్దమ్మ, కొంగు తీయకుండానే.

"సంత ఏందమ్మా? ఇంటికాడ సొప్ప కోసిపెట్టినావా లేదా, అది చెప్పు" అన్నాడు.

ఆవిడ ఇంకా ఇటు తిరగలేదు. నా కుచ్చిళ్ళు వదల్లేదు. "దాపటిది ఎట్లుంది? నువ్వు సూసి చెప్పు" అంది మెల్లగా.

అది నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఒంటి మీద చెమట ఎండకు మెరుస్తోంది. మోకాళ్ళ మీద మన్ను, ముక్కు దగ్గర నురగ. జనం మూగి దాని వీపు తాకి కళ్ళకు అద్దుకుంటున్నారు. నన్ను గుర్తుపట్టిందేమో, తల ఎత్తి ఆ కాటుక కళ్ళతో నా వైపే చూసింది. నేనూ తనివితీరా చూశాను.

"ఏముందక్కా, ఏదో ఉంది. పర్లేదు" అన్నాను. "బక్కగానే ఉంది పాపం. ఆ గజ్జి ఇంకా తగ్గినట్టు లేదు."

కొంగు కింద ఆవిడ భుజాలు అదరడం మొదలుపెట్టాయి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. తర్వాత కొంగు తీసి ముఖం తుడుచుకుని, మొదటిసారి నన్ను చెల్లీ అని పిలిచింది.

"అట్లనే చెప్పు చెల్లీ. మీ ఊరికి పోయినాక ఎవురడిగినా అట్లనే చెప్పు."